అంతర్యుద్ధములలో కిరాయిసేనలు



రాజు తన సేన చాలక, పైకమిచ్చి పరుల సేనను తెచ్చుకొనుట క్రొత్త సంగతి కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున దానిని భృతబలమనెను. వంశక్రమముగ వచ్చు మౌలబలము అంతకంటె మేలనియు చెప్పెను. ఈ కాలమున ఆ భృతబలము వర్తక సంఘముల రూపము దాల్చినది. కంపెనీ యొకటి ఒడంబడిక వ్రాసికొని, నెలకింతయని పుచ్చుకొని, సైనికులను పంపును. అట్టి సేన వచ్చినపుడు తిరుగుబాటుదారుల గతి యేమగును? ఆఫ్రికా పశ్చిమతీరమున నున్న సియెర్రా లియోను దేశపు వృత్తాంతము దీనికి తగిన నిదర్శనము.

అచ్చట 1991 మార్చిలో ఫోడే సంకో అను మాజీ సైనికుని నాయకత్వమున తిరుగుబాటు పుట్టెను. ఆ దేశపు తూర్పుసీమలో నేల త్రవ్విన వజ్రములు దొరకును. ఆ వజ్రములే తిరుగుబాటుదారులకు తుపాకులను, మందుగుండును సమకూర్చెను. ప్రభుత్వ సైనికులలో కొందరు పగలు సైనికులును, రాత్రి దోపిడిగాండ్రునై యుండిరి. పల్లెజనులు ఇరుపక్షములకును జడిసిరి. 1995 జనవరిలో తిరుగుబాటుదారులు బాక్సైటు, రూటైలు గనులను గూడ పట్టుకొనగా బొక్కసమునకు రాబడి తగ్గెను. పిదప వారు రాజధానియగు ఫ్రీటౌను దాపునకు వచ్చిరి.

అపుడు ప్రభుత్వము దక్షిణాఫ్రికాకు చెందిన ఎగ్జిక్యూటివ్ ఔట్‌కమ్స్ అను కంపెనీని కుదుర్చుకొనెను. వచ్చినవారు కొలదిమందియే. అయినను వారికి హెలికాప్టరులును, యుద్ధానుభవమును కలవు. కమాజోరు లనబడు స్థానిక వేటకాండ్రకు వారు శిక్షణ నిచ్చిరి. కొన్ని నెలలలోనే రాజధానికి గండము తప్పెను. కోనోసీమ వజ్రపు గనులు ప్రభుత్వము చేజిక్కెను. తిరుగుబాటుదారులు అడవులపాలైరి. కాని కసి తీరలేదు. 1996లో ఎన్నికలు జరుగగా, వోటు వేయరాదని బెదరించుటకై వారు నిరాయుధులగు ప్రజల చేతులు నరికిరి.

అదే యేడు నవంబరు 30వ తేదీన అబిజాను నగరమున సంధి కుదిరెను. అందలి యొక షరతు ముఖ్యముగా గమనింపదగినది: కిరాయిసేన దేశము విడిచి పోవలెను. తమ్ము నోడించిన బలము ఎవరిదో తిరుగుబాటుదారు లెరుగుదురు. బొక్కసమునకును ఆ జీతము మోయరాని భారమే. 1997 జనవరిలో కంపెనీ వెడలిపోయెను. మే 25వ తేదీన ప్రభుత్వ సైనికులే ప్రభుత్వమును కూలద్రోసి, తిరుగుబాటుదారులను పిలిచి అధికారమున పాలు పంచిరి. 1999 జనవరిలో ఫ్రీటౌను మరల రక్తసిక్తమయ్యెను. ఐక్యరాజ్యసమితి సేనలును, బ్రిటిషు సేనయు వచ్చిన పిమ్మట, 2002 జనవరికిగాని యుద్ధము ముగియలేదు.

దీని తాత్పర్యమేమి? కిరాయిసేన తిరుగుబాటుదారుని రాబడిని తెగగొట్టగలదు, అతనిని సంధికి దింపగలదు. కాని ఆ బలము రాజ్యమునకు సొంతము కాదు. జీతము నిలిచిననాడు కావలివాడు పోవును. అంతవరకు ఓర్చియుండుట తిరుగుబాటుదారుని యుపాయము. ఆ నడిమి వ్యవధిలో సొంతసేనను చక్కదిద్దుకొని, పల్లెవానికి న్యాయము చేకూర్చిన ప్రభుత్వమే నిలుచును. ఇకమీదట ఏ దేశమైనను ఇట్టి సేనను పిలిచెనని పత్రికలో చదివినపుడు, అది యెంత గెలిచెనని మాత్రమే గాక, అది వెడలిన మరునాడు కావలి యెవ్వరిదని కూడ విచారింపుడని నా మనవి.