లారీ ఇంజనులో హెడ్డు గాస్కెట్టు చెడుట

అనకాపల్లి బెల్లపు బజారునకు సరుకు తోలు దినములలో గాని, విశాఖపట్టణపు రేవునుండి ఎరువు తెచ్చు దినములలో గాని లారీ నిలిచిపోయినచో కలుగు నష్టము సభ్యులకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. పాతబడిన లారీలను తఱచుగా నిలుపునది హెడ్డు గాస్కెట్టు. దానిని మార్పించి, నెల తిరుగకమున్నే మరల మార్పించువారు కలరు. చెడినదానిని మార్చిరే గాని చెఱచినదానిని వెదకరైరి.

ఇంజను బ్లాకునకును, దానిపై మూతవలె నుండు హెడ్డునకును నడుమ బిగింపబడు పలుచని రేకే గాస్కెట్టు. డీసెలు ఇంజనులో గాలి పదునాఱు పదునేడింతలు అణపబడి, ఆ వేడికే డీసెలు మండును. ఆ మంటను, నీటిని, కందెన నూనెను ఒండొంటితో కలియనీయకుండుట గాస్కెట్టు పని.

నీరు బయటికి కాఱకయే దినదినము తఱుగుట, ఇంజను బాగుగ వేడెక్కిన పిమ్మటకూడ పొగగొట్టమునుండి తెల్లని ఆవిరి వచ్చుట, నూనె మజ్జిగవలె తెల్లబాఱుట దీని గుర్తులు. అట్టి నూనెతో లారీని ఊరిదాకనైనను నడుపరాదు, బేరింగులు కాలిపోవును. ఇంజను చల్లగా నున్నప్పుడు రేడియేటరు మూత తీసి స్టార్టు చేసి చూడుడు. బుడగలు ఎడతెగక వచ్చుచు, ఆక్సిలరేటరు త్రొక్కినకొలది హెచ్చినచో మంట వాయువు నీటిలోనికి చొచ్చుచున్నదన్నమాట. వేడి ఇంజను మూత మాత్రము తీయరాదు; మొగము కాలును. రాత్రి నిలిపిన లారీ ఉదయమున బిగిసికొన్నచో సెల్ఫును పదేపదే కొట్టరాదు. సిలిండరులో నీరు నిండియుండిన, నీరు అణగదు గనుక కనెక్టింగు రాడ్డు వంగును.

హెడ్డు పగిలినను ఇవే గుర్తులు కనబడును. కాన హెడ్డు విప్పిన నాడు మేస్త్రీ ప్రక్కన నిలిచి మూడు సంగతులు చూడవలెను: హెడ్డు వంగినదా యని ఉక్కు బద్ద పెట్టి చూచెనా; తడి లైనర్లు గల ఇంజనైనచో లైనరు పైయంచు బ్లాకు మట్టముకంటె మిల్లిమీటరులో కొన్ని నూఱవవంతు లెత్తుగ నున్నదా; బోల్టులను నడుమనుండి అంచులకు, విడతలుగా, టార్కు రెంచితో బిగించెనా. అంతకన్న ముఖ్యము రేడియేటరు. మన సముద్రతీరపు ఉప్పునీరు పోసి పోసి దాని గొట్టములు పూడిపోయిన లారీకి అనంతగిరి ఘాటుమీద ఎన్ని గాస్కెట్టులైనను నిలువవు.

ఇక పాత ఇంజనుకు బలము పెంచుట. పంపు విప్పి డీసెలు హెచ్చించుట, టర్బో తగిలించుట చౌకగా తోచును. టర్బో ఇంజనులను ఆ ఒత్తిడికి తగిన పిస్టన్లతో, కూలింగుతో కట్టుదురు. 1993లో స్థాపింపబడిన టాటా కమ్మిన్స్ వారి ఇంజనులట్టివే. పాతదానికి అవి లేవు. ముందుగా పోవునది గాస్కెట్టే. బలము నిజముగ కావలసిన, తగిన రేడియేటరు, క్లచ్చితో సహా ఇంజనునే మార్చుట మేలు. అయితే 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ననుసరించి రవాణా అధికారి యనుమతి పొంది, క్రొత్త ఇంజను నంబరును రిజిస్ట్రేషను పత్రములో వ్రాయించుకొనవలెను. ఆ యనుమతి పాత ఇంజనును దింపుటకు ముందే చేతికి రావలెను.