గోడమీది బొమ్మ వెనక వింతలు

మా అబ్బాయి బడిలో ప్రొజెక్టర్ మొరాయిస్తోంది. బొమ్మ మసక, పైగా అరగంటకోసారి వేడెక్కి ఆగిపోతుంది. కొత్తది ఏది కొనాలో కనుక్కునే పని పేరెంట్స్ కమిటీ తరఫున నా నెత్తిన పడింది. ధరలు వాకబు చేద్దామని బయల్దేరితే ముందు ఈ వింతలు ఎదురయ్యాయి.

నాన్న అడిగితే కాదనలేక!

ప్రొజెక్టర్లకు తాత మ్యాజిక్ లాంతరు. డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1659లో దానికోసం గీసిన బొమ్మల్లో ఓ అస్థిపంజరం తన పుర్రెను తానే ఊడదీసుకుంటుంది. శనిగ్రహ వలయం గుట్టు విప్పిన మనిషికి ఈ దయ్యాలాట నామోషీ అనిపించింది. ఫ్రెంచి దర్బారులో చూపిస్తాను, ఒకటి పంపమని 1662లో తండ్రి అడిగితే కాదనలేక పంపాడు. అది పనిచేయకుండా కటకం తీసెయ్యమని తమ్ముడికి చాటుగా ఉత్తరం రాశాడు.

చిన్న చిప్పులో 20 లక్షల అద్దాలు

నేటి ప్రొజెక్టర్లలో డీఎల్పీ అనే రకానికి ప్రాణం, 1987లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ శాస్త్రవేత్త ల్యారీ హార్న్‌బెక్ కనిపెట్టిన చిప్పు. చుక్కకో అద్దం ఉండే ఫుల్ హెచ్‌డీ చిప్పులో అద్దాల సంఖ్య 20,73,600. వెంట్రుక కంటే సన్నని ఈ అద్దాలు సెకనుకు వేలసార్లు అటూ ఇటూ ఒరుగుతాయి. సినిమాను ఫిల్ము రీళ్ల నుంచి విడిపించిన ఘనతకు హార్న్‌బెక్‌ను 2015లో ఆస్కార్ అకాడమీ సత్కరించింది. చిక్కల్లా ఒకటే. తరగతి గదుల డీఎల్పీల్లో చాలావాటికి రంగుల చక్రం ఉంటుంది. దానివల్ల చూపు చటుక్కున తిప్పితే కొందరికి ఇంద్రధనుస్సు తళుక్కుమంటుంది. మూడు ఎల్సీడీ పలకలున్న రకానికి ఆ బెడద లేదు.

టైరుకు డెబ్బై రెట్లు

ప్రొజెక్టర్లలోని పాతరకం పాదరసపు బల్బు వెలిగేటప్పుడు లోపలి పీడనం 200 అట్మాస్ఫియర్లు దాటుతుంది. కారు టైరులో సుమారు మూడు. గడువు తీరినా లాగిస్తే ఒక్కోసారి బల్బు టపాసులా పేలడానికి కారణం ఇదే.

నూట ఇరవై ఏళ్లు దాటిన దీపం

కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901 నాటి బల్బు ఇంకా వెలుగుతోంది. అయితే ఇప్పుడది నాలుగు వాట్ల బెడ్‌లైటుతో సమానం. బతికి ఉండటం వేరు, వెలగడం వేరు. ప్రొజెక్టర్ బల్బు ఆయుష్షు 4,000 గంటలంటే, మామూలుగా ఆ పాటికి వెలుగు సగానికి పడిపోతుందని. రోజుకు 5 గంటలు, ఏడాదికి 200 రోజులు వాడే బడికి అది నాలుగేళ్లు. 20,000 గంటల లేజర్ రకమైతే ఇరవై ఏళ్లు, కాగితం మీద లెక్క ప్రకారం.

తొమ్మిది గళ్ల పరీక్ష

ప్రొజెక్టర్ వెలుగును కొలిచే ఆన్సీ ల్యూమెన్లంటే బొమ్మను తొమ్మిది గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో వెలుగు కొలిచి, సగటు మీద కట్టే లెక్క. నడిమధ్య ధగధగ, మూలల్లో చీకటి అంటే ఇక్కడ చెల్లదు. డబ్బా మీద ఆన్సీ అన్న మాట లేకుండా ఉత్త ల్యూమెన్లే ఉంటే అనుమానించాల్సిందే. ఇంకో లెక్క: తెర వెడల్పు 6 అడుగుల నుంచి 12కు పెంచితే వైశాల్యం నాలుగింతలవుతుంది, అదే వెలుగు నాలుగో వంతుకు పలచబడుతుంది. అందుకే దుకాణానికి వెళ్లేముందు గోడ కొలవాలి.

అన్నిటికన్నా చవకైన రిపేరు

ఇంత తెలుసుకుని, చివరికి బెంచీ ఎక్కి పాతదాని ఫిల్టరు మూత తీశాను. సుద్దపొడి దిబ్బరొట్టెలా అట్టకట్టి ఉంది. పాత టూత్‌బ్రష్షుతో దులిపి బిగించాం. ఫ్యాను రొద తగ్గింది, మధ్యలో ఆగడమూ మానేసింది. మసక మాత్రం పోలేదు. మెనూలో చూస్తే బల్బు వాడకం 4,000 గంటలు ఎప్పుడో దాటేసింది.

హెడ్మాస్టరుగారి చేతికిచ్చిన కొటేషన్‌లో ఒకటే వరుస: బల్బు, ఒకటి.