మందు కన్నా ముందు.. ఆకు తిప్పి చూడండి!

మిద్దె మీద చిక్కుడు పాదు తొలిసారి గుత్తులు గుత్తులుగా కాసింది. ఇంటిల్లిపాదికీ సంబరం. అంతలోనే లేత చివుళ్ల నిండా నల్లగా పేనుబంక! పురుగుమందుల దుకాణానికి పరుగెత్తారు. ఓ సీసా తెచ్చి, మూతతో ఉజ్జాయింపుగా కొలిచి కొట్టేశారు. మూడో రోజు అవే చిక్కుళ్లు పిల్లల కంచంలోకి వచ్చాయి. మందుల్లేని కూర తినాలనే కదా ఈ తోట పెట్టుకున్నది?

పొలంలోనైనా మందు కొట్టాక, లేబుల్‌పై రాసిన గడువు ముగిసేదాకా కాయ కోయకూడదు. మిద్దె తోటలో మనం రోజూ గుప్పెడు కోసుకుంటాం. ఆ గడువు పాటించడం కష్టం. పైగా కొన్ని మందులు అసలు కూరగాయలపై వాడకూడనివి. మోనోక్రోటోఫాస్‌నే తీసుకోండి. కూరగాయలపై దాని వాడకాన్ని కేంద్రం 2005లోనే నిషేధించింది. అందుకే తోట పెట్టిన తొలినాళ్లలోనే ‘సమగ్ర సస్యరక్షణ’ అలవాటు చేసుకోండి. పేరు పెద్దదే గానీ సూత్రం చిన్నది. పురుగును గుర్తుపట్టాకే చర్య.. మందు అన్నిటికన్నా చివర.

ముందు చూపు

వారానికి రెండుసార్లు ఆకుల్ని తిప్పి అడుగున చూడండి. తెల్లదోమ, ఎర్రనల్లి, పేనుబంక కాపురం అక్కడే. కాండంపై చీమల బారు కనిపిస్తే అనుమానించండి. పేనుబంక విసర్జించే తియ్యటి జిగురు కోసమే అవి వస్తుంటాయి. నత్రజని ఎరువు ఎక్కువైనా చివుళ్లు మెత్తబడి పురుగుల్ని పిలుస్తాయి.

చేత్తోనే సగం పని

పేనుబంకను గట్టి నీటిధారతో కడిగేయండి. పిండినల్లి పట్టిన కొమ్మను కత్తిరించి, సంచిలో కట్టి పారేయండి. వంకాయ చివుళ్లు వాడి వేలాడుతుంటే లోపల తొలుచు పురుగు ఉన్నట్టే. ఆ చివురును కాస్త కిందికి తుంచి నాశనం చేయండి. తెల్లదోమకు పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీయండి. బెండ ఆకుల ఈనెలు పసుపెక్కితే అది పల్లాకు తెగులు. దానికి మందు లేదు, మొక్కను పీకేయడమే మేలు.

మిత్రుల్ని చంపొద్దు

ఎర్రటి రెక్కలపై నల్లచుక్కలున్న అక్షింతల పురుగు పేనుబంకను తినేస్తుంది. దాని పిల్లపురుగు మాత్రం నల్లగా, నారింజ మచ్చలతో, బుల్లి మొసలిలా ఉంటుంది. కొత్తవాళ్లు చాలామంది శత్రువనుకుని నలిపేసేది దాన్నే. అదీ పేనుబంకనే తింటుంది. కనిపిస్తే వదిలేయండి.

చివరి అస్త్రం

ఇవేవీ పనిచేయకపోతేనే వేపనూనె. 5 మి.లీ. నూనెను కాస్త సబ్బు ద్రావణంతో బాగా కలిపి, లీటరు నీళ్లలో పోయండి. ముందు రెండు ఆకులపై చల్లి, ఒక రోజు ఆగండి. ఆకు మాడకపోతే సాయంత్రం పూట, ఆకుల అడుగు భాగం తడిసేలా పిచికారీ చేయండి. ఎండలో వద్దు. తేనెటీగలు తిరిగే వేళా వద్దు. కాయల్ని శుభ్రంగా కడిగాకే వండండి.

సహజమైనదంతా క్షేమమనుకోకండి. పొగాకు కషాయంలోని నికోటిన్ మనకూ విషమే. చర్మం ద్వారా కూడా ఒంట్లోకి వెళుతుంది. వేపనూనెను చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఏ ద్రావణాన్నీ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచొద్దు.

ఆకుకు నాలుగు చిల్లులు పడితే పంట పోయినట్టు కాదు. రేపు పొద్దున మిద్దె ఎక్కేటప్పుడు ఓ భూతద్దం పట్టుకెళ్లండి. పిల్లల్నీ వెంట తీసుకెళ్లండి. అక్షింతల పురుగును మీకన్నా ముందు వాళ్లే కనిపెడతారు!