నూలుపోగులో ఊరట

పాఠ్యభాగ ఉద్దేశం

చేతితో అల్లిన వస్తువులు కాన్సరు రోగులకు ఏ విధంగా ఉపకరిస్తాయో, వాటిని అల్లేవారు, వాటి ద్వారా నిధులు సేకరించేవారు ఏయే నియమాలను పాటించాలో తెలియజేయడం, సేవలో సానుభూతితో పాటు వివేకం కూడా అవసరమని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

“చంద్రునికో నూలుపోగు” అనేది తెలుగువారి నానుడి. విదియనాటి నెలవంకను చూసినప్పుడు కట్టుకున్న బట్టలోంచి ఒక పోగు తీసి సమర్పించే ఆచారం నుండి ఈ మాట వచ్చింది. ఇచ్చే వస్తువు అల్పమైనా ఇచ్చే మనస్సు ముఖ్యమని దీని భావం. అయితే చంద్రునికి ఆ నూలుపోగుతో పని లేదు. నిజంగా దానితో పని ఉన్న మనిషి ఎదురైనప్పుడు మాత్రం మంచి మనస్సు ఒక్కటే చాలదు. అతని అవసరం ఏమిటో తెలుసుకొనే వివేకం కూడా కావాలి. కాన్సరు రోగుల కోసం టోపీలు, దుప్పట్లు, మెత్తని దిండ్లు అల్లి ఇచ్చే స్వచ్ఛంద సేవ నేడు అనేక దేశాలలో కనిపిస్తున్నది. చిన్నదిగా తోచే ఈ సేవను పరిశీలిస్తే, దానం ఎలా చేయాలో కూడా తెలుస్తుంది.

కాన్సరు చికిత్సలలో కీమోథెరపీ ఒకటి. కాన్సరు కణాలు అతి వేగంగా విభజన చెందుతాయి. కీమోథెరపీ మందులలో అనేకం ఇట్లా వేగంగా విభజన చెందే కణాలపై పనిచేస్తాయి. శరీరంలో సహజంగానే వేగంగా పెరిగే కణాలు మరికొన్ని ఉన్నాయి. వెంట్రుకల కుదుళ్లలోని కణాలు అట్టివి. మందు వీటిని కూడా దెబ్బతీస్తుంది. అందువల్ల చికిత్స మొదలైన రెండు మూడు వారాలకు చాలామందికి జుట్టు రాలడం ప్రారంభమవుతుంది. అన్ని మందులకూ ఈ లక్షణం లేదు. రాలిన జుట్టు కూడా చికిత్స ముగిసిన కొన్ని నెలలకు సాధారణంగా తిరిగి మొలుస్తుంది. వైద్యుల దృష్టిలో ఇది తాత్కాలికమైన దుష్ఫలితం. రోగి దృష్టిలో మాత్రం అద్దంలో కనిపించే రూపమే మారిపోవడం.

తెలుగు సమాజంలో ఈ మార్పుకు మరొక బాధ తోడవుతుంది. తలనీలాలు సమర్పించడం మనకు కొత్త కాదు. తిరుమల మెట్లు ఎక్కి మొక్కు చెల్లించుకున్నవారు గుండుతో ఊరికి తిరిగి వచ్చినప్పుడు దానిలో భక్తి ఉంటుంది, తృప్తి ఉంటుంది. అది కోరి ఇచ్చినది. వ్యాధి వల్ల పోయిన జుట్టు కోరి ఇచ్చినది కాదు. దారిలో ఎదురైనవారు మామూలుగా “తిరుపతి వెళ్లివచ్చారా?” అని అడిగే ప్రశ్నకు రోగి సమాధానం వెతుక్కోవలసి వస్తుంది. ముఖ్యంగా స్త్రీలకు, ఒకప్పుడు వితంతువులపై బలవంతంగా రుద్దిన శిరోముండనం జ్ఞాపకాలు ఇంకా పూర్తిగా తొలగిపోని కుటుంబాలలో, ఈ స్థితి మరింత కష్టం కలిగిస్తుంది. తలను కప్పే ఒక టోపీ వ్యాధిని తగ్గించదు. తన రోగం సంగతి ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో నిర్ణయించుకొనే స్వేచ్ఛను మాత్రం రోగికి కొంతవరకు తిరిగి ఇస్తుంది.

ఆ టోపీ ఎట్లా ఉండాలన్నది తరువాతి ప్రశ్న. జుట్టు రాలిన తలపై చర్మం సున్నితంగా ఉంటుంది. గరుకైన ఊలు దురద పుట్టిస్తుంది. గట్టి అతుకు ఒత్తుకొని నొప్పి కలిగిస్తుంది. కాబట్టి మెత్తని నూలు దారంతో, లోపలివైపు ముడులు, అతుకులు తగలకుండా అల్లాలి. మన ప్రాంతపు వేసవిలో మందమైన టోపీని ఎవరూ భరించలేరు. చల్లని దేశాల పుస్తకాలలోని నమూనాలను యథాతథంగా అనుసరిస్తే, చూడడానికి అందంగా ఉన్నా ధరించడానికి పనికిరాని వస్తువు తయారవుతుంది.

ఈ అల్లికలో ఎక్కువగా వాడే పద్ధతి క్రోషే. స్వెట్టరు అల్లడానికి రెండు సూదులు కావాలి. క్రోషేకు కొస వంకర తిరిగిన ఒకే ఒక సూది చాలు. సూదితో దారాన్ని ఒక ఉచ్చులోంచి లాగి మరొక ఉచ్చు వేస్తారు. ఇట్లా ఒకదానిలో ఒకటిగా ఉచ్చులు చేరి గొలుసు అవుతుంది. గొలుసు వరుసలై, వరుసలు వస్త్రమవుతాయి. సూదిపై సాధారణంగా ఒక్క ఉచ్చే మిగులుతుంది కనుక పనిని ఎక్కడ ఆపినా, తిరిగి ఎక్కడ మొదలుపెట్టినా ఇబ్బంది ఉండదు. ఆసుపత్రి వరండాలో వంతు కోసం వేచి ఉండేవారు కూడా ఈ పని చేసుకోగలరు.

టోపీ అల్లడంలో చక్కని గణితం దాగి ఉంది. నడినెత్తిపై వచ్చే భాగం చదునైన వృత్తంగా మొదలవుతుంది. మొదటి వరుసలో 6 కుట్లు వేస్తే రెండవ వరుసలో 12, మూడవ వరుసలో 18, నాలుగవ వరుసలో 24, ఇట్లా వరుసకు ఆరేసి చొప్పున పెంచుతారు. చిన్న క్రోషే కుట్టు వెడల్పు, ఎత్తు ఇంచుమించు సమానం. ఒక్కొక్క వరుసతో వృత్త వ్యాసార్ధం ఒక కుట్టు మేర పెరిగితే, చుట్టుకొలత దానికి రెండు ‘పై’ల రెట్లు, అనగా ఆరుకు కొంచెం ఎక్కువగా పెరుగుతుంది. అందుకే ఆరు. అంతకంటె ఎక్కువ పెంచితే అంచు ముడతలు పడుతుంది. తక్కువ పెంచితే గిన్నెలా ముడుచుకుంటుంది. తల చుట్టుకొలత 55 సెంటీమీటర్లు ఉన్నవారికి సుమారు 17 సెంటీమీటర్ల వ్యాసం వచ్చేవరకు వృత్తాన్ని పెంచి, ఆపై పెంచడం మానివేసి చుట్టూ అల్లుకుంటూ పోతే టోపీ దానంతట అదే కిందికి దిగుతుంది. అల్లిక కొద్దిగా సాగుతుంది కనుక తలకు అమరుతుంది. పుస్తకంలో కనిపించే వృత్త సూత్రాన్ని అక్షరాలు రాని అవ్వ సైతం వేళ్లతో లెక్కపెట్టి ఆచరణలో చూపగలదు.

రొమ్ము కాన్సరుకు శస్త్రచికిత్స చేయించుకున్నవారి అవసరం వేరు. రొమ్మును తొలగించిన తరువాత దాని స్థానంలో ధరించడానికి సిలికోన్‌తో చేసిన కృత్రిమ రూపాలు దొరుకుతాయి. అవి బరువుగా ఉంటాయి. ఉక్కపోత కలిగిస్తాయి. వాటి ధర అందరికీ అందుబాటులో ఉండదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన బార్బరా డెమరెస్ట్ తాను ఈ వ్యాధికి గురై, చేతితో అల్లిన రూపం ఎంత హాయిగా ఉంటుందో తెలుసుకొని 2011లో ‘నిటెడ్ నాకర్స్’ అనే సంస్థను ప్రారంభించింది. మెత్తని నూలుతో అల్లి, లోపల తేలికైన దూది వంటి పీచు నింపిన రూపాలను స్వచ్ఛంద సేవకులు తయారుచేసి ఉచితంగా అందిస్తారు. మన దేశంలో ముంబయి కేంద్రంగా సాయిషా ఇండియా ఫౌండేషన్ ఇదే సేవ చేస్తున్నది. బయటికి చెప్పుకోవడానికి స్త్రీలు సంకోచించే ఒక ఇబ్బందిని మరికొందరు స్త్రీలు మాటలతో పని లేకుండా అర్థం చేసుకొన్నందువల్ల ఈ సేవ సాధ్యమైంది.

శస్త్రచికిత్స తరువాత చేతి కింద ఒత్తిడి తగలకుండా పెట్టుకొనే చిన్న దిండు, చల్లని చికిత్స గదిలో కాళ్లపై కప్పుకొనే దుప్పటి కూడా ఇటువంటివే. ఆక్సాలిప్లాటిన్ అనే మందు తీసుకున్నవారిలో చాలామందికి కొన్ని రోజులపాటు చల్లని వస్తువును తాకితే వేళ్లలో తిమ్మిరి, పోట్లు కలుగుతాయి. వారికి చేతి తొడుగులు ఉపకరిస్తాయి. వస్తువు ఏదైనా శుభ్రత ప్రధానం. చికిత్స వల్ల రోగి రక్తంలో తెల్లకణాలు తగ్గి, రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది. అందువల్ల అల్లిన వస్తువును ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, మూసిన సంచిలో అందించాలి. అది మళ్లీ మళ్లీ ఉతకడానికి వీలుగా ఉండాలి. వికారంతో బాధపడేవారికి సుగంధం కూడా దుర్గంధమే కావచ్చు. అత్తరు చల్లి ఇవ్వడం మర్యాద అనుకోరాదు. ముందుగా ఆసుపత్రి వారిని సంప్రదించి, వారు కోరినవే, కోరినన్నే ఇవ్వాలి.

క్రోషే తెలుగు నేలకు పరాయి విద్య కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీ కుటుంబాల స్త్రీలు గోదావరి ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. నరసాపురం, పాలకొల్లు పరిసర గ్రామాలలో అది ఇంటింటి వృత్తిగా స్థిరపడింది. ఇక్కడి బల్లగుడ్డలు, పరుపు దుప్పట్లు విదేశాలకు ఎగుమతి అయ్యాయి. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే ఈ కీర్తికి ఒక చీకటి పార్శ్వం ఉంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ గ్రామాలలో పరిశోధన చేసి 1982లో ఒక గ్రంథం ప్రచురించింది. రోజుకు ఎన్నో గంటలు అల్లిన స్త్రీలకు లభించే ప్రతిఫలం అత్యల్పమని, వారిని శ్రామికులుగా పరిగణించక, తీరిక వేళను గడిపే గృహిణులుగా భావించడమే ఇందుకు ముఖ్య కారణమని ఆమె నిరూపించింది. లేసు కొన్నవారికి దాని అందం కనిపించింది. అల్లిన చేతుల శ్రమ కనిపించలేదు.

నిధుల సేకరణకు పూనుకొనేవారు ఈ విషయాన్ని మరువకూడదు. చేతి అల్లికలను విక్రయించి ఆ సొమ్మును రోగుల సహాయానికి వినియోగించడం మంచి పద్ధతి. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ, దాని తరువాతి పథకాలు పేదల చికిత్స వ్యయాన్ని చాలావరకు భరించినా, పల్లె నుండి నగరానికి ప్రయాణం, రోగితో వచ్చినవారి బస, భోజనం, పోయిన కూలి రోజులు కుటుంబంపై భారంగానే మిగులుతాయి. అటువంటి చోట నగదు సహాయమే టోపీ కంటె ఎక్కువ మేలు చేయవచ్చు. ఒక టోపీకి దారం ఖర్చు 150 రూపాయలు, అమ్మకం ధర 400 రూపాయలు అనుకుందాం. అల్లినవారు తమ శ్రమను ఇష్టపూర్వకంగా దానం చేస్తే 250 రూపాయలు నిధికి చేరుతాయి. ఆ టోపీని వృత్తిగా అల్లే స్త్రీ చేత చేయించినట్లయితే ముందు ఆమెకు న్యాయమైన కూలి చెల్లించాలి. మిగిలినదే దానం. ఒక పేదరాలి కూలిని తగ్గించి మరొక పేదరాలికి ఇవ్వడం ధర్మం అనిపించుకోదు. జమాఖర్చులను కొన్నవారందరికీ తెలిసేటట్లు ప్రకటించడం కూడా నిర్వాహకుల బాధ్యత.

సమష్టి కృషి ఎంతటి ఫలితం ఇవ్వగలదో చెన్నైలో వెల్లడైంది. 2016 జనవరి 31న ‘మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్’ అనే బృందం వేర్వేరు చోట్ల అల్లిన ముక్కలను కలిపి 11,148.5 చదరపు మీటర్ల దుప్పటిని ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించింది. తరువాత దానిని దుప్పట్లుగా విడదీసి అవసరమైనవారికి పంచిపెట్టారు. రికార్డు పుస్తకానికి ఎక్కింది ఒక్క మహావస్త్రం. చలిలో కప్పుకొన్నవారికి దక్కినది ఒక్కొక్కరి చేతి పని.

భాగవతం నవమస్కంధంలో రంతిదేవుని కథ ఉంది. నలభై ఎనిమిది దినాలు ఉపవాసం ఉన్న ఆ రాజు తనకు లభించిన ఆహారాన్ని అతిథులకు పంచి, చివరకు మిగిలిన నీటిని సైతం దాహంతో వచ్చినవానికి ఇచ్చివేశాడు. అతని త్యాగాన్ని అందరూ కొనియాడుతారు. గమనించదగినది మరొకటి ఉంది. ఆకలిగొన్నవానికి అతడు అన్నం పెట్టాడు, దాహంగొన్నవానికి నీరు ఇచ్చాడు. ఎదుటివాని బాధ ఏదో తెలుసుకొని దానికి తగినదే ఇచ్చాడు. రోగి కోసం సూది పట్టినవారు కూడా దారం రంగు ఎంచుకొనే ముందు, దానిని ధరించే తల ఎంత సున్నితమో తలచుకోవాలి. అప్పుడే నూలుపోగు ఊరట అవుతుంది.

పదవిజ్ఞానం

నానుడి – లోకంలో వాడుకలో ఉన్న పలుకుబడి
దుష్ఫలితం – చెడు ఫలితం
శిరోముండనం – తల గొరిగించడం
యథాతథంగా – ఉన్నది ఉన్నట్లుగా
వ్యాసార్ధం – వృత్త కేంద్రం నుండి అంచు వరకు గల దూరం
సంకోచించు – వెనుకాడు
పార్శ్వం – పక్క, ప్రక్క భాగం
సమష్టి – అందరూ కలిసిన

ప్రశ్నలు

అ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. కీమోథెరపీ పొందే రోగుల కోసం అల్లే వస్తువుల విషయంలో పాటించవలసిన నియమాలను వివరించండి.
2. నరసాపురం లేసు అల్లిక చరిత్ర నిధుల సేకరణ చేసేవారికి నేర్పే పాఠం ఏమిటి?

ఆ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. “చంద్రునికో నూలుపోగు” అనే నానుడి భావం ఏమిటి?
2. టోపీ అల్లికలో వరుసకు ఎన్ని కుట్లు పెంచుతారు?
3. రంతిదేవుని కథ భాగవతంలో ఏ స్కంధంలో ఉంది?