పెప్టైడ్లు – పెప్టాయిడ్లు: మాస్ స్పెక్ట్రోమెట్రీలో విఘటన రీతుల తులనాత్మక పరిశీలన

సారాంశం:
పెప్టైడ్, పెప్టాయిడ్‌ల ద్రవ్యరాశి ఒక్కటే అయినపుడు ఆ సంఖ్య వాటిని వేరుపరచలేదు; అవి విడిపోయే తీరే వేరుపరచగలదు. పార్శ్వ శృంఖలం కార్బన్ నుండి నత్రజనికి మారినపుడు ఆ తీరులో వచ్చే మార్పును ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పెప్టైడ్, పెప్టాయిడ్, బి-వై అయాన్లు, ప్రోలీన్ ప్రభావం, సాదృశ్యకాలు.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు ఆల్ఫా, బీటా అమైనో ఆమ్లాల వరుస మాత్రమే తారుమారైన హైబ్రిడ్ పెప్టైడ్లను టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీతో వేరుపరచి చూపారు. సాదృశ్యకాల ద్రవ్యరాశి ఒక్కటే అయినా వాటి శకలాలు భిన్నమని ఆ పరిశోధనలు నిరూపించాయి. పెప్టాయిడ్ల విషయంలోనూ ఎదురయ్యే సమస్య ఇదే.

2. నిర్మాణ భేదం:
పెప్టైడ్‌లో పార్శ్వ శృంఖలం ఆల్ఫా కార్బన్‌పై ఉంటుంది. పెప్టాయిడ్‌లో నత్రజనిపై ఉంటుంది. 1992లో జుకర్‌మన్ బృందం ప్రకటించిన పద్ధతిలో బ్రోమోఎసిటిక్ ఆమ్లాన్ని, ప్రాథమిక ఎమీన్‌ను ఒకదాని తరువాత ఒకటి చేర్చి పెప్టాయిడ్‌ను నిర్మిస్తారు. అలనీన్ అవశేషం ద్రవ్యరాశి 71.037 డాల్టన్లు. నత్రజనిపై మిథైల్ గల సార్కోసిన్ అవశేషానిదీ అంతే.

3. పెప్టైడ్ల విఘటనం:
ప్రోటాన్ చేరిన పెప్టైడ్‌ను జడవాయువుతో ఢీకొట్టించినపుడు ఆ ప్రోటాన్ ప్రధాన శృంఖలంపై కదలి ఎమైడ్ బంధాన్ని బలహీనపరుస్తుంది. పొరుగు కార్బోనిల్ ఆక్సిజన్ దాడి చేయగా బంధం తెగుతుంది. ఆవేశం ఎన్-కొన భాగంలో మిగిలితే బి అయాన్, సి-కొన భాగంలో మిగిలితే వై అయాన్ ఏర్పడతాయి. బి అయాన్‌కు సాధారణంగా ఆక్సజొలోన్ వలయ నిర్మాణం ఉంటుంది.

4. పెప్టాయిడ్ల విఘటనం:
పెప్టాయిడ్లలోనూ ఎమైడ్ బంధమే తెగుతుంది. అయితే వై అయాన్ల ప్రాబల్యం హెచ్చు. తెగిన సి-కొన భాగానికి పెప్టైడ్‌లో ప్రాథమిక ఎమీన్ మిగిలితే, పెప్టాయిడ్‌లో ద్వితీయ ఎమీన్ మిగులుతుంది. దానికి ప్రోటాన్‌పై ఆపేక్ష ఎక్కువ గనుక ఆవేశం అటే నిలుస్తుంది. పెప్టైడ్లలో దీనికి దగ్గరి పోలిక ప్రోలీన్. నత్రజనిపై ప్రతిక్షేపం గల ఆ అవశేషానికి ఎన్-కొన వైపున బంధం సులువుగా తెగడం అధ్యాపకులకు పరిచితమే. దీనికి తోడు, బెంజైల్ వంటి పార్శ్వ శృంఖలాలు నత్రజని నుండి విడివడి 91 వద్ద శిఖరాన్ని ఇవ్వగలవు.

5. ముగింపు:
అలనీన్, సార్కోసిన్‌లు సి-కొనలో ఉన్నపుడు రెండింటి మొదటి వై అయానూ 90.055 వద్దనే వస్తుంది. కాబట్టి శిఖర స్థానాలను మాత్రమే చదివితే పొరబాటు తప్పదు. శిఖర తీవ్రతలనూ పోల్చాలి. పెప్టైడ్ల కోసం రూపొందించిన తీవ్రతా అంచనాలను పెప్టాయిడ్లకు యథాతథంగా వర్తింపజేయరాదు. క్రమం ముందే తెలిసిన నమూనాలను సంశ్లేషించి, ఒకే అభిఘాత శక్తి వద్ద పక్కపక్కన పరిశీలించడమే నమ్మదగిన మార్గం.