బుల్టూ రేడియో, ఫైళ్ళ నకలు: కాపీలో పోయేవేమిటి?

ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన ఉన్న బస్తర్‌లో బ్లూటూత్‌ను 'బుల్టూ' అంటారు. సిగ్నల్ అందని ఊళ్ళలో పాటైనా, వీడియో అయినా ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు చేరాలంటే అదే దారి. ఆ పేరే చివరికి ఒక ప్రసార పద్ధతికి పేరైంది.

పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి 2010లో 'సీజీనెట్ స్వర' అనే వేదిక మొదలుపెట్టారు. మామూలు ఫోన్‌తో ఒక నంబరుకు కాల్ చేసి ఎవరైనా తమ మాట రికార్డు చేయవచ్చు. దాన్ని పరిశీలించి విడుదల చేశాక, మిగతావాళ్ళు కాల్ చేసి వినవచ్చు. ఉపాధి కూలి అందలేదని ఒకరు, చేతిపంపు పాడైందని మరొకరు, మధ్యలో ఎవరో పాడిన పెళ్ళిపాట. తర్వాత వచ్చిన 'బుల్టూ రేడియో' ఈ గొంతులను ఒక కార్యక్రమంగా కూర్చింది. ఇంటర్నెట్ ఉన్న చోట దాన్ని దింపుకుంటారు, అక్కడి నుంచి బ్లూటూత్ మీద చేతులు మారుతుంది. అంటే ఇక్కడ ప్రసారం అంటే ఫైలును నకలు చేయడమే. టవరూ లేదు, ట్రాన్స్‌మిటరూ లేదు.

లెక్క కూడా పెద్దదేమీ కాదు. సెకనుకు 64 కిలోబిట్ల నాణ్యతతో మూడు నిమిషాల మాట సుమారు 1.44 మెగాబైట్లు. బ్లూటూత్ సెకనుకు ఒక మెగాబిట్ వేగం అందుకున్నా, పన్నెండు సెకన్లలో ఫోన్ మారుతుంది.

ఈ గొంతుల్లో కొన్ని గోండిలో ఉంటాయి. తెలుగుకు దగ్గరి బంధువైన ఈ ద్రావిడ భాషను 2011 జనగణనలో సుమారు 30 లక్షల మంది మాతృభాషగా చెప్పారు. అయినా అచ్చులో ఉన్నది చాలా తక్కువ. ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల లిపికి యూనికోడ్‌లో చోటు దక్కిందే 2018లో. పుస్తకం పోతే ఇంకో ప్రతి వెతకవచ్చు. ఒక ముసలమ్మ ఒకసారి చెప్పిన కథ ఉన్న ఫైలు పోతే వెతకడానికి ఏమీ ఉండదు. కాబట్టి ఇలాంటి రికార్డింగులను కంప్యూటర్‌లో దాచేవాళ్ళకు నకలు ఎలా తీయాలన్నది చిన్న విషయం కాదు.

లినక్స్, యూనిక్స్ కంప్యూటర్లలో ఈ పని చేసే ఆదేశం 'సీపీ'. 1971 నాటి యూనిక్స్ తొలి సంచికలోనే ఇది ఉంది. వాడుక తేలిక: ముందు ఆదేశం, తర్వాత ఏ ఫైలు, ఆ తర్వాత ఎక్కడికి. మౌస్‌తో లాగి వదలడం కంటే ఇది ఎందుకు మేలంటే, వెయ్యి ఫైళ్ళకైనా ఒకే వరుస చాలు, ఆ వరుసను రాసి పెట్టుకుంటే రేపు మరొకరు అదే పనిని అదే విధంగా చేయగలరు.

అయితే సీపీకి ఒక మొండి గుణం ఉంది. గమ్యంలో అదే పేరుతో ఫైలు ఉంటే, అడగకుండా దాని మీద రాసేస్తుంది. హెచ్చరిక ఉండదు, చెత్తబుట్టలోనూ దొరకదు. చాలా ఫోన్లు రికార్డింగులకు వరుస నంబర్లతో పేర్లు పెడతాయి. మూడు ఊళ్ళ నుంచి మూడు ఫోన్లు వచ్చాయనుకుందాం. మూడింటిలోనూ 'రికార్డింగ్ 001' ఉంటుంది. మూడింటినీ ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే చివరి ఊరిది మాత్రమే మిగులుతుంది. పైగా ఆదేశం సాఫీగా ముగిసినట్టే కనిపిస్తుంది! దీనికి విరుగుడు సీపీలోనే ఉంది. 'హైఫన్ ఐ' జోడిస్తే చెరిపే ముందు అడుగుతుంది. 'హైఫన్ ఎన్' జోడిస్తే ఉన్నదాన్ని ముట్టుకోదు. లినక్స్‌లోని సీపీకి 'బ్యాకప్' అనే ఐచ్ఛికం కూడా ఉంది, పాతదాని పేరు మార్చి పక్కన పెడుతుంది. ఇన్నిటికంటే మంచిది ఊరి పేరు, తేదీతో ఒక్కో ఫోన్‌కు ఒక్కో డైరెక్టరీ పెట్టుకోవడం.

డైరెక్టరీ మొత్తాన్ని కాపీ చేయాలంటే 'హైఫన్ ఆర్' కావాలి, లేకపోతే సీపీ ఆ డైరెక్టరీని వదిలేస్తున్నానని చెప్పి ఊరుకుంటుంది. ఇక్కడ కొత్తవాళ్ళను తికమక పెట్టేది ఇంకొకటి. గమ్యం పేరుతో డైరెక్టరీ లేకపోతే నకలు ఆ పేరుతోనే తయారవుతుంది. ముందే ఉంటే దాని లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. అదే ఆదేశాన్ని రెండోసారి కొడితే డైరెక్టరీలో డైరెక్టరీ పుడుతుంది.

బస్తర్ లాంటి చోట మరింత ముఖ్యమైనది తేదీ. మామూలు సీపీ నకలుకు, కాపీ చేసిన క్షణాన్నే మార్పు తేదీగా వేస్తుంది. కూలి రాలేదని మార్చిలో చెప్పిన ఫిర్యాదు జూన్‌లో కాపీ చేస్తే జూన్ నాటిదిలా కనిపిస్తుంది. 'హైఫన్ పీ' వాడితే పాత సమయం నిలుస్తుంది, 'హైఫన్ ఏ' వాడితే డైరెక్టరీలతో సహా అన్నీ ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. గమ్యం ఫ్యాట్32 పద్ధతిలో సిద్ధం చేసిన పెన్‌డ్రైవ్ అయితే మాత్రం అన్నీ నిలవవు. లినక్స్ అనుమతులను అది దాచుకోలేదు, 4 గిగాబైట్లు దాటిన ఒక్క ఫైలునూ పట్టుకోలేదు. మాటలకు ఇబ్బంది లేదు, పొడవాటి వీడియోలతోనే చిక్కు.

కరెంటు, నెట్టు రెండూ నమ్మలేని చోట సీపీ కంటే 'ఆర్‌సింక్' మేలు. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మ్యాకెరాస్ 1996లో దీన్ని విడుదల చేశారు. రెండు వైపులా ఫైళ్ళ పరిమాణం, మార్పు సమయం పోల్చి, తేడా ఉన్నవాటినే పంపుతుంది. ఐదు వందల ఫైళ్ళలో మూడు వందల దగ్గర ఆగిపోతే, మళ్ళీ మొదలుపెట్టినప్పుడు మిగిలిన రెండు వందలతోనే సాగుతుంది. పైన చెప్పిన సమయాలను కాపాడే ఐచ్ఛికం వాడకపోతే ఈ పోలికే తప్పిపోతుంది, ఉన్న ఫైళ్ళనే మళ్ళీ పంపుతూ కూర్చుంటుంది. మూలం పేరు చివర వాలుగీత పెడితే డైరెక్టరీ లోపలి వస్తువులు మాత్రమే వెళ్తాయి, పెట్టకపోతే డైరెక్టరీతో సహా వెళ్తాయి. ఒక్క గీత తేడా, ఎంతో మంది అనుభవజ్ఞులు కూడా దీని దగ్గర తడబడ్డవారే.

నకలు అసలులాగే ఉందా? వినికిడితో తేల్చాలంటే గంటలు పడుతుంది. 'షా-256' అనే గణన ప్రతి ఫైలుకూ 64 అక్షరాల ముద్ర ఇస్తుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా ముద్ర పూర్తిగా వేరవుతుంది. అసలు ఫైళ్ళ ముద్రలను ముందే ఒక జాబితాలో దాచి, నకళ్ళ ముద్రలతో సరిపోల్చితే సరి.

ఒకే డిస్కులో తీసిన నకలును భద్రత అనుకోకూడదు. డిస్కు పోతే రెండూ పోతాయన్నది అందరికీ తెలిసిందే. అంతకంటే సూక్ష్మమైన సంగతి మరొకటి ఉంది: లినక్స్ సాధనాల్లో 2021లో వచ్చిన 'కోర్‌యుటిల్స్' 9.0 నుంచి, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వంటి వ్యవస్థల్లో సీపీ అసలు సమాచారాన్ని రెండోసారి రాయదు. రెండు పేర్లూ ఒకే దిమ్మలను చూపిస్తాయి, ఎవరైనా మార్చినప్పుడే విడిపోతాయి. స్థలం ఆదా అవుతుంది. కానీ ఆ దిమ్మ పాడైతే అసలూ నకలూ కలిసే పాడవుతాయి.

పెన్‌డ్రైవ్‌తో ఇంకో చిక్కు. కాపీ పూర్తయిందని ఆదేశం చెప్పే సమయానికి సమాచారం ఇంకా కంప్యూటర్ మెమరీలోనే ఉండవచ్చు, పెన్‌డ్రైవ్ మీదికి రాత వెనక జరుగుతుంటుంది. బస్సు వచ్చిందని గబుక్కున పీకేస్తే కొన్ని ఫైళ్ళు సగంలో తెగుతాయి, కొన్ని సున్నా బైట్లతో మిగులుతాయి. 'సింక్' ఆదేశం ఇచ్చి, అది ముగిశాక డ్రైవును సక్రమంగా విడదీసి, అప్పుడు తీయాలి. పాత పెన్‌డ్రైవ్‌లకు ఇందుకు ఒక నిమిషం పైనే పట్టవచ్చు.