చలికాలంలో పెరటి కోళ్ళ సంరక్షణ

ఇంటి అవసరాల కొరకు పెరటిలోనో, వాకిటిలోనో, డాబా మీదనో కొద్ది సంఖ్యలో పెంచుకునే కోళ్ళను పెరటి కోళ్ళు అంటారు. స్థలం ఇరుకైనా హైదరాబాదు పాతబస్తీలో ఈ అలవాటు నేటికీ ఉన్నది. ఇక్కడి ఉర్దూలో కోళ్ళ గూటిని దర్బా అంటారు. చార్మినారు సమీపంలోని మహబూబ్ చౌక్‌కు ముర్గీ చౌక్ అన్న పేరు పక్షుల వ్యాపారం వలన వచ్చినదే. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులు నివసించే బార్కస్ ప్రాంతం అసీల్ జాతి కోళ్ళకు పేరుపొందినది.

వాతావరణం

హైదరాబాదు దక్కను పీఠభూమిపై, సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. డిసెంబరు, జనవరి నెలలలో పగటి ఉష్ణోగ్రత 28 డిగ్రీల సెల్సియస్ వరకు ఉండి, రాత్రికి 15 డిగ్రీలకు, కొన్ని రోజులలో అంతకంటే తక్కువకు పడిపోతుంది. 1946 జనవరి 8న నగరంలో 6.1 డిగ్రీలు నమోదైనది. కోడి శరీర ఉష్ణోగ్రత సుమారు 41 డిగ్రీలు. ఈకలు పూర్తిగా వచ్చిన కోడి వాటిని ఉబ్బించి, వాటి మధ్య గాలిని నిలుపుకొని ఈ చలిని తేలికగా తట్టుకుంటుంది. కాబట్టి పెద్ద కోళ్ళకు అసలు ప్రమాదం చలి కాదు. చలికి భయపడి గూటిని బిగించి మూయడం వలన లోపల చేరే తేమ, చెడుగాలి.

గూడు

కోళ్ళు శ్వాసతోను, రెట్టతోను చాలా నీటిని విడుస్తాయి. పాతబస్తీ డాబాల మీది గూళ్ళకు తరచుగా ఇనుప రేకే కప్పుగా ఉంటుంది. రాత్రి రేకు చల్లబడి, లోపలి ఆవిరి దాని అడుగున నీరై కోళ్ళ మీద, ఊక మీద కారుతుంది. తడిసిన రెట్ట నుండి అమ్మోనియా వాయువు పుట్టి కళ్ళను, శ్వాసనాళాలను దెబ్బతీస్తుంది. తెల్లవారి గూడు తెరవగానే కోళ్ళ ఎత్తుకు వంగి చూడవలెను. మన కళ్ళు మండితే గాలి చాలలేదని అర్థం.

గాలి వీచే వైపు, ముఖ్యంగా ఈశాన్యం వైపు, గోనె సంచులను క్రింది భాగానికి మాత్రమే కట్టి, పైన జానెడు సందు వదలవలెను. ఉదయం వాటిని తప్పక ఎత్తివేయవలెను. రేకు క్రింద చాపగాని, అట్టగాని పరచిన నీరు కారదు. నేలపై రెండు మూడు అంగుళాల మందాన పొడి వరి ఊక వేసి, తడిసిన చోట వెంటనే తీసివేయవలెను. బొగ్గుల కుంపటిని గూటిలో పెట్టడం మాత్రం ఎన్నడూ తగదు. దాని నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది.

పిల్లలు

పై మాటలు కోడిపిల్లలకు వర్తించవు. నూగు మాత్రమే ఉన్న పిల్లలు తమ వేడిని తాము కాపాడుకోలేవు. తల్లి కోడి ఉంటే చింత లేదు. కొని తెచ్చిన పిల్లలకు మొదటి వారం సుమారు 35 డిగ్రీల వేడి కల్పించి, ఆపై వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించవలెను. దీనికి పాతకాలపు తీగ బల్బు కావలెను, ఎల్.ఇ.డి. బల్బు వెలుగునిస్తుందేగాని చాలినంత వేడినివ్వదు. పిల్లలు బల్బు క్రింద గుంపుగూడితే చలి, దూరంగా పోతే వేడి ఎక్కువ అని తెలుసుకోవచ్చును. ధర్మామీటరు కంటే ఇదే నమ్మదగినది. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధనా సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ వంటి రకాలనైనా సుమారు ఆరు వారాలు ఇలా పెంచిన తరువాతనే బయట వదలవలెను.

మేత, గ్రుడ్లు

చలిలో కోడి ఎక్కువ తింటుంది. సాయంత్రం గూటిలోకి చేర్చే ముందు గుప్పెడు జొన్నలో, మొక్కజొన్న నూకో వేస్తే రాత్రికి ఒంట్లో వేడి నిలుస్తుంది. ఈ కాలంలో గ్రుడ్లు తగ్గడానికి ముఖ్య కారణం పగటి వెలుగు తగ్గడమే. బాగా గ్రుడ్లు పెట్టుటకు 14 నుండి 16 గంటల వెలుగు కావలసి ఉండగా, డిసెంబరులో ఇక్కడ పగలు సుమారు 11 గంటలే. ఇది జబ్బు కాదు, పెట్టను కోసివేయనవసరం లేదు.

వ్యాధులు

అన్నిటికంటే భయంకరమైనది కొక్కెర తెగులు. ఆకుపచ్చని విరేచనాలు, మెడ మెలితిరగడం, కాళ్ళు రెక్కలు పడిపోవడం దీని లక్షణాలు. దీనికి చికిత్స లేదు, టీకా మాత్రమే ఉన్నది. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు కంటిలోగాని ముక్కులోగాని వేసి, ఎనిమిది వారాల వయసులో ఆర్.టు.బి. టీకా వేయిస్తారు. అంతకు వారం ముందు నట్టల మందు పట్టించడం మంచిది. చలి ముదరక ముందే ఈ పని పూర్తిచేయవలెను. ఒకేసారి అనేక కోళ్ళు చనిపోతే కోసి తినడం, కాలువలోనో చెత్తకుప్పలోనో పారవేయడం చేయరాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినది. అటువంటి మరణాలను చేతితో తాకక, సమీప పశువైద్యశాలకు వెంటనే తెలియజేయవలెను.